చిరుతపులి కథా, దొర్లిన రాయి కథా

యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క మా పక్క బస్సులన్నీ బొగ్గు మీద నడిచేవి. బస్సు వెనకాల మనిషెత్తు ఇనుప పొయ్యి ఒకటి బిగించి ఉండేది. దాంట్లో బొగ్గులు పోసి అంటించి, క్లీనరు చేత్తో పంకా తిప్పతా ఉంటే, ఎప్పటికో గ్యాసు పుట్టి ఇంజను కదిలేది. కదిలేది అనడం మర్యాద కోసం. ఆ పొయ్యి రాజుకునేలోపల ఎక్కినవాళ్ళకు ఓపిక చచ్చిపోయి, నడిచిపోయినా ముందే చేరుకుంటామని మూటలు దించుకునేవాళ్ళు. వాళ్ళను దిగనీకుండా సీట్లకు అంటించి పెట్టడమే నా ఉద్యోగం. చిత్తూరు నుంచి తిరుపతికి పోయే బస్సులో నేను కండక్టర్ని. టికెట్లు చించడం ఎవడికైనా వస్తుంది. మా ఓనరు నన్ను పెట్టుకున్నది నా నోటి కోసం.

బంగారుపాళ్యం తోటలో ఒక మామిడికాయ రాలి బండిబాటకు అడ్డం పడితే, ఎద్దులు దాని నీడలో పండుకున్న సంగతి నేనే లోకానికి చెప్పినాను. పాకాల స్టేషన్లో రైలింజను నీళ్ళతోపాటు బావిలో చేపల్ని కూడా మింగేసి, చంద్రగిరి దాటేదాకా పులుసు వాసన కొట్టిన సంగతి కూడా నాదే. అన్నిటికంటే గిరాకీ ఉన్నది చిరుతపులి కథకు. చంద్రగిరి గుట్టల కింద బస్సు నిలిచిపోయినప్పుడు చిరుతపులి ఒకటి ఎక్కి, వెనక సీట్లో కూర్చుని, తిరుపతి పొలిమేరలో ఎవరినీ ఏమీ అనకుండా దిగిపోయింది. ఇది ఎవరు నమ్ముతారు? అందుకే మధ్యలో ఒక మాట వేసేవాణ్ణి. "అబద్ధమెందుకప్పా, నా పంచె తడిసిపోయినాది" అని. అంతే. అందరూ నవ్వేవాళ్ళు, నవ్వినవాళ్ళంతా నమ్మేవాళ్ళు. తన పరువు తానే తీసుకునేవాడు అబద్ధం ఆడడని మనుషులకొక గుడ్డి నమ్మకం. నా బతుకంతా ఆ నమ్మకం మీద పండింది.

ఈ నోరు ఇంట్లో మాత్రం చెల్లేది కాదు. నా పెండ్లాం నగరి మగ్గాల ఇంట్లో పుట్టినది. పోగును వెలుతురుకు పట్టి, అది యాడ తెగుతుందో తెగకముందే చెప్పే కండ్లు ఆమెవి. "నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు నీ నోరు నూనె పోసిన రాట్నం మాదిరి పోతాది. నిజం చెప్పాల్సొస్తేనే తట్టుకుంటావు, మాట తడబడతాది" అనేది. పెండ్లయిన కొత్తలో, నేనంటే ఇష్టమేనా అని ఆమె అడిగితే ఏమేమో చెప్పి చెప్పి గడప తగిలి పడబోయినాను. ఆమె దానికే సంతోషపడింది.

మాది కిరస్తానం. మా తాత కరువులో మిషన్ వాళ్ళ గంజి తాగి వాళ్ళ మతంలో కలిసినాడని ఊరి ఎగతాళి. గంజి చల్లారింది గానీ మాది చల్లారలేదని మా నాయన జవాబు. ఆమె వైపు వేరే తీరు. మా మామ ఒక్కడే బాప్తిస్మం తీసుకున్నాడు, అత్త తీసుకోలేదు. ఆయన పోయేదాకా ఒకే ఇంట్లో ఆయన ప్రార్థన ఆయనది, ఆమె దీపం ఆమెది. పిల్ల మాత్రం నాయన చెయ్యి పట్టుకుని మిషన్ గుడికి వచ్చింది.

మాకొక పిల్లోడు. మాటలు వచ్చీరాని వయసులో జ్వరం తగిలి పోయినాడు. మిషన్ కాంపౌండు వెనక సమాధుల తోటలో, గోడ వారగా పెట్టినాం. ఆదివారం ఆరాధన కాగానే ఆమె అందరితోపాటు గేటు వైపు పోకుండా అటు పోయేది. అక్కడ ఏం చేస్తావని నేనెప్పుడూ అడగలేదు. ఆ మరుసటి ఏడు ఆమెకు దగ్గు మొదలైంది. తర్వాత దగ్గులో నెత్తురు. మదనపల్లె పక్క క్షయ ఆసుపత్రికి తీసుకుపోతే, కొన్నాళ్ళు ఉంచుకుని, రెండు ఊపిరితిత్తులూ పాడైనాయి, ఇంటికి పోయి బాగా చూసుకోమన్నారు. బాగా చూసుకోవడమంటే ఏమిటో ఆ డాక్టరుకూ తెలుసు, నాకూ తెలుసు. మేకపాలు, కోడిగుడ్లు, ఎవరో చెప్పిన ఆకు పసరు, ఇంకెవరో చెప్పిన వేరు, అన్నీ అయినాయి. రాత్రింబగళ్ళు ప్రార్థన చేసినాను. నిజం చెప్పాలంటే, బస్సు తిరుపతిలో ఆగినప్పుడల్లా కొండవైపు చూసి కూడా ఏదో గొణుక్కున్నాను. ఆమె బతకాలి. ఎవరు బతికిస్తే నాకేమి?

అప్పుడు మా అత్త వచ్చింది. వచ్చీ రాగానే పసుపుగుడ్డలో ఒక కాసు పెట్టి ముడుపు కట్టి, మంచం కోడుకు బిగించింది. బిడ్డకు నయమైతే కొండకు తీసుకొస్తానని కాదు, కొండకు తీసుకుపోతే నయమవుతుందని ఆమె లెక్క. ఆడ తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకునేసింది.

"మెట్లెక్కలేదు కదత్తా" అంటే, "డోలీలో మోసుకుపోతారు నాయనా. శనివారం పొద్దున్నే బండి మాట్లాడినా" అంది.

"మా చర్చి అయ్యగారు ఒప్పుకోడు."

"ఆ పిల్లోడప్పుడూ ఇదే మాట అన్నారు. ఏమైనాది?"

"మొక్కుకున్న ఇండ్లల్లో పిల్లోళ్ళు పోలేదా అత్తా?"

"పోయినారు. కానీ, ఆ ఒక్కటీ చెయ్యకపోతిమే అనే దిగులు వాళ్ళమ్మలకు లేదు."

మంచం కోడుకున్న ముడుపును అట్లనే ఉండనిచ్చినాను.

మా అయ్యగారు చూడడానికి వచ్చినాడు. చెడ్డవాడు కాదు. సంతలో గాడిదల అరుపుల మధ్య నిలబడి కూడా తర్కం మాట్లాడగల మనిషి. వాదానికి నిలబడని విశ్వాసం నాకొద్దు అనేవాడు. ఎంతటి పండితుడు వచ్చి ప్రశ్న వేసినా కోపం లేకుండా వినేవాడు. ముక్కాలిపీట మీద కూర్చుని ప్రార్థన చేసి, కండ్లు తెరిచేసరికి మంచం కోడుకున్న పసుపుగుడ్డ కనపడింది. కాసేపు దాన్నే చూసినాడు.

"తలనీలాలా?" అన్నాడు.

"అవునయ్యగారూ. వాళ్ళమ్మ కోరిక."

"సంఘపెద్దల కట్టుబాటు తెలుసు కదబ్బా. మొక్కు చెల్లించినవాళ్ళకు సంస్కారం లేదు. తోటలో చోటు కూడా లేదు."

"మీరు చూడనట్ల ఉండలేరా?"

"ముడుపైతే చూడలేదనుకుంటాను. గుండును చూడలేదని యాడ చెప్పేది?" అన్నాడు. నవ్వించడానికి అన్నమాట కాదు. ఆయన కండ్లలో నీళ్ళున్నాయి.

తర్వాత ఆమెకు ధైర్యం చెప్పబోయినాడు. సిలువ మీద చనిపోయిన ప్రభువును పెట్టిన సమాధి మూడోనాటికి ఖాళీగా ఉందని శత్రువులు కూడా ఒప్పుకున్నారనీ, దేహాన్ని చూపించి ఉంటే ఆయన లేచినాడనే మాట అప్పుడే ఆగిపోయేదనీ, చూపించలేకపోయినారనీ, వరసగా, తీరుబడిగా చెప్పినాడు. పునరుత్థానం నిజమైతే మీ పిల్లోణ్ణి నువ్వు చూస్తావమ్మా, అది నిజమే అన్నాడు. ఆమె అన్నీ విని దండం పెట్టింది. ఆయన పోయినాక నన్ను పిలిచింది.

"ఇట్ల రా. దూరంగా కాదు, ఈడ కూసో."

కూర్చున్నాను.

"అయ్యగారు మంచోడు. మంచోళ్ళకు అబద్ధం ఎట్ల అల్లతారో తెలీదు. నీకు తెలుసు."

"ఏమి మే, ఇప్పుడు నన్ను తిట్టేదానికి ఓపికొచ్చినాదా?"

"తిట్టడం లేదు. పనోడివని అడగతా ఉండా. ఆ సమాధి కథ, రాయి దొర్లిన కథ, ఒకతూరి నీ కండ్లతో సూడు. అల్లిన కథా, జరిగిన కథా? యాడ ముడేసినారో కనిపెట్టు. జరిగిందే అంటే నేను ఈడనే ఉండిపోతా, నా పిల్లోడి పక్కన పండుకుంటా, వాడితో లేస్తా. అల్లిందే అంటే, అమ్మ తృప్తి కోసం పోతా. నాలుగు ఎంట్రుకలే కదా."

"రెండూ కాకపోతే?"

"శనివారం దాకా టైముండాది" అని అటు తిరిగి పండుకుంది.

ఆ వారమంతా నేను బస్సులో కథలు చెప్పలేదు. పొయ్యి పొగ కక్కతా ఉంటే, జనం మూటలు దించుకుని దిగిపోతా ఉంటే, ఫుట్‌బోర్డు మీద కూర్చుని సువార్త చదివినాను. చిన్నప్పటి నుంచి వింటున్నదే. కానీ తోటి పనివాడి కన్నుతో ఎప్పుడూ చదవలేదు. డ్రైవరు, "ఏమప్పా, గురువైపోతా ఉండావా?" అన్నాడు. ఓనరు, "ఇట్లయితే నువ్వెందుకు నాకు?" అన్నాడు. నేను పేజీ తిప్పినాను.

నా బాధ ఏమిటంటే, నాకు ఏ జవాబు కావాలో నాకే తెలియలేదు. జరిగిందే అంటే ఆమె ఈ మంచంలోనే ఉండిపోతుంది. కొండ ఎక్కితే ఏదైనా జరిగి ఉండేదేమో అనే పురుగు నన్ను చచ్చేదాకా తొలుస్తుంది. అల్లిందే అంటే, ఈ ఒంటితో డోలీలో ఊగి ఊగి దోవలోనే పోతే? పిల్లోడి పక్కన చోటూ పోయె, పిల్లోడు ఉన్నాడనే మాటా పోయె. తూకం వేసేవాడి చెయ్యి వణుకుతా ఉంటే తక్కెడ ఏం నిజం చెబుతుంది?

అయినా చదివినాను. మొదట నాకు పట్టు దొరికింది. దొరికిన రోజు బస్సు ఇంకా నిలవకముందే దూకి ఇంటికి పరిగెత్తినాను.

"మే, విను. అల్లేవాడు తన వాళ్ళను గొప్పగా చూపించుకుంటాడా, లేదా? ఈడ సూడు. అందరికంటే పెద్ద శిష్యుడు, కోడి కూయకముందే ఆయనెవరో నాకు తెలీదన్నాడు. మిగతావాళ్ళు పారిపోయి తలుపులేసుకున్నారు. ఖాళీ సమాధి ముందు చూసింది ఆడోళ్ళు. ఆ కాలంలో ఆడదాని సాక్ష్యం కచ్చేరీలో చెల్లేదే కాదంట, అయ్యగారే చెప్పినాడు. నేనే అల్లి ఉంటే ఒక జమీందారును పంపి ఉందును. ఇంత పరువు తక్కువ కథ ఎవడల్లతాడు?"

ఆమె కండ్లు మూసుకునే ఉంది. "చిరుతపులి" అంది.

"ఏమి?"

"నీ పంచె."

నేను మంచం పక్కన నేలమీద చతికిలబడినాను. మా అత్త వాకిట్లో బియ్యం చెరుగుతా ఉంది.

"నాకు నమ్మాలనే ఉండాది. అందుకే గట్టిగా లాగి సూస్తా ఉండా. తెగేదైతే నా చేతుల్లోనే తెగనీ" అంది.

మరుసటి రోజు ఇంకోటి పట్టుకుని పోయినాను. ఆయన లేచినాక చూసినవాళ్ళు చాలామంది ఇంకా బతికే ఉన్నారని అదే పుస్తకంలో వెనక ఉన్న ఒక ఉత్తరంలో రాసి ఉంది. అంటే పోయి వాళ్ళనే అడగమని కదా. నేనెప్పుడూ బతికున్న సాక్షిని చూపను. నా చిరుతపులిని చూసినవాళ్ళంతా పాపం కాలం చేసినారు. ఇది చెప్పగానే ఆమె, "చిత్తూరోళ్ళకు నాయుడుపేట సంగతులు చెప్తావు, తిరుపతిలో ఎక్కే నాయుడుపేటోళ్ళకు చిత్తూరు సంగతులు చెప్తావు. టికెట్టు కొనుక్కుని పోయి అడిగినోడు ఒక్కడన్నా ఉండాడా?" అంది. అదీ పోయింది. కానీ ఈతూరి చెప్పడానికి ఆమె కొంచెం వెతుక్కోవలసి వచ్చింది, దాన్ని పట్టుకుని నేను ఆ రోజుకు అన్నం తిన్నాను.

శుక్రవారం సాయంత్రం నాకు హెడ్డు కానిస్టేబులు గుర్తొచ్చినాడు.

యుద్ధం మొదట్లో, నాయుడుపేట అవతల సముద్రంలో జపాను వాళ్ళ ఓడ ఒకటి ఆగి, కొబ్బరి బోండాలు బేరమాడి కొనుక్కుని పోయిందని బస్సులో చెప్పినాను. మంచి కథ. బేరం నేనే కుదిర్చినట్టు కూడా చెప్పినాను. ఎవరో పోయి చెప్పినారు. హెడ్డు నన్ను బస్సులోంచి దించి చెంప మీద ఒకటి ఇచ్చినాడు. రెండో దెబ్బకు చెయ్యి ఎత్తేలోపలే ఓడ లేదు, బోండాలు లేవు, ఆ మాటకొస్తే నాయుడుపేటకు నేనెప్పుడూ పోనేలేదు అన్నాను.

"తెలుసు కదా నీకు" అని ఆమెకు చెప్పినాను. "అబద్ధమనేది ఒక్క దెబ్బకు మించి నిలబడదు. నాకంటే మొండివాడైతే రెండు దెబ్బలు. ఈ శిష్యులను కొట్టినారు, జైళ్ళలో వేసినారు, చంపినారు. లాభమేమీ లేదు. నేను కాఫీ కోసం అబద్ధమాడతా. చచ్చేదానికి ఎవడాడతాడు? ఒక్కడన్నా హెడ్డు ముందర నేనన్నట్ల అని ఉండాల కదా."

ఆమె నవ్వింది. బోండాల దగ్గర నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గి దగ్గి, గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని, చాలాసేపటికి తేరుకుంది. ఆ గుడ్డ నేను తీసుకుని మడత పెట్టినాను, ఆమె చూడకుండా. ఆమె చూసింది.

"సరే. అది తెగలేదు" అంది.

నేను మంచం మీదికి వంగినాను.

"వాళ్ళు అబద్ధాలోళ్ళు కారు. ఒప్పుకుంటా." కాసేపు ఊపిరి తీసుకుంది. "కానీ ఒక మాట. అమ్మను కూడా కొట్టినా సరే, కొండ మీద దేవుడు లేడనదు. అమ్మ అబద్ధాలదా?"

"కాదు."

"నిజం చెప్పేవాళ్ళు చెప్పిందంతా నిజమైపోతాదా?" మళ్ళీ ఊపిరి. "నీకు చెప్పలేదు. పిల్లోడు పోయినాక ఒకనాటి పొద్దున వాడు ఆ గడప పట్టుకుని నిలబడినట్ల చూసినా. ఎండ వాడి మీద పడతా ఉండాది. నిక్కరు జారిపోతా ఉండాది, ఎప్పటి మాదిరే. నేను సూసినా. చంపుతామన్నా సూడలేదని చెప్పలేను. కానీ వాడు ఆడ లేడు కదా?"

మా అత్త చేట పక్కన పెట్టి లోపలికి వచ్చి గోడకానుకుని నిలబడింది.

నేను గాలిని పట్టుకునేవాడి మాదిరి వెతుక్కున్నాను. "నువ్వు ఒక్కదానివే చూసినావు. వాళ్ళు అంతమంది ఒక్కతూరే చూసినారు. పిల్లోడు నీతో మాట్లాడలేదు. ఆయన వాళ్ళతో కూర్చుని చేపలు తిన్నాడు."

"తిన్నాడని రాసి ఉండాది."

"రాసినవాళ్ళు అబద్ధాలోళ్ళు కారని ఇప్పుడే అంటివే."

"చూసినవాళ్ళను అన్నా. విన్నవాళ్ళను, రాసినవాళ్ళను నేను యాడ ఎరుగుదును? నీ చిరుతపులి చంద్రగిరి గుట్టల కింద ఎక్కినప్పుడు ఒకటే. తిరుపతిలో దిగేసరికి రెండు పిల్లల్ని కూడా దింపుకోని పోయినాదంట, మన పక్కింటోళ్ళు చెప్పినారు."

నేను అబద్ధాల పనివాణ్ణి. ఆ కథలో అబద్ధం ముడి కోసం మొదటి నుంచి చివరిదాకా తడిమి చూసినాను. నా చేతికి తగల్లేదు. అల్లినవాడి వేలిముద్ర నాకు దొరకలేదు. కానీ దొరకలేదనే మాటకూ జరిగిందనే మాటకూ మధ్య ఒక చిన్న ఖాళీ మిగిలింది. చాలా చిన్నది. తెగిన పోగు ముడేసినంత పని. ఆ పని నా కంటే బాగా చేసేవాడు ఈ జిల్లాలోనే లేడు. నిన్న కలలో పిల్లోడు కనపడి అమ్మను రమ్మన్నాడు అంటే చాలు. లేదా, అయ్యగారి దగ్గర పాత పుస్తకంలో ఇంకో సాక్ష్యం ఉంది, నేను కండ్లారా చదివినాను అంటే చాలు. మాట నాలుక చివర తయారుగా ఉంది, నూనె కూడా పోసుకుని ఉంది. ఆమె నా నోటి వైపే చూస్తా ఉంది. తెగే చోటు చూసే ఆ కండ్లతో.

"నాకు," అన్నాను. తర్వాతి మాట రాలేదు. "అల్లింది కాదు మే. అంతవరకూ... అంతవరకూ నేను చెప్పగలను. జరిగినాదా అంటే... నాకు... నాకు తెలీదు. ఉండాలని... ఆయన లేచి ఉండాలని..." ఇంక మాట కట్టుకోలేక చేతులతో మొహం కప్పుకున్నాను.

ఆమె చెయ్యి నా తల మీద పడింది. ఎంత తేలికైపోయిందో ఆ చెయ్యి.

"తట్టుకున్నావు" అంది. "ఎంత తట్టుకున్నావు. సాలు."

"ఏం సాలు? నేనేమీ తేల్చలేదే."

"తేల్చలేదు." ఆమె కప్పు వైపు చూసింది. "ఆ ఆడోళ్ళు కూడా తేల్చుకోని పోలేదు. సమాధికి అడ్డం పెద్దరాయి ఉండాది, దాన్ని ఎవరు దొర్లిస్తారని ఒకరినొకరు అడగతానే పోయినారు. తెలిసి పోలేదు. చచ్చిపోయినాడనే పోయినారు, సుగంధం పూసేదానికి. అయినా ఇంట్లో ఉండలేదు." తర్వాత వాళ్ళమ్మను పిలిచింది. "మా, నేను రాను. పిల్లోడు ఆడ ఉండాడు. లేచేది ఉంటే వాడు లేస్తానే నేను పక్కన ఉండాల. లేచేది లేకపోతే, అప్పుడు కూడా నేను పక్కనే ఉండాల. ఏ పక్క చూసినా నాకు చోటు ఆ గోడ వారనే."

మా అత్త కోప్పడుతుందనుకున్నాను. ఆమె మంచం కోడు దగ్గర కూర్చుని ముడుపు విప్పడానికి చూసింది. ముడి బిగుసుకుపోయి రాలేదు. పళ్ళతో లాగింది. విప్పిన కాసును కొంగున కట్టుకుని, "నీ మొక్కు నాది. నేను పోతా అమ్మణ్ణీ" అంది. శనివారం బండిలో ఒక్కతే పోయింది.

తిరిగి వచ్చేసరికి నున్నటి గుండుతో ఉంది. కూతురు ఆ తల చూసి, చెయ్యి చాపి నిమిరి, "చల్లగా ఉండాదా మా?" అని అడిగింది. "చల్లగా ఉండాది" అని ఆమె జవాబు. వాళ్ళిద్దరి మధ్య అంతకంటే వాదన నేను వినలేదు.

కొండ ఆమెను బతికించలేదు. నా ప్రార్థనా బతికించలేదు. మామిడి పూత పిందె కట్టే రోజుల్లో, పట్టపగలు, నేను పాకాల దగ్గర బస్సు తోస్తా ఉన్నప్పుడు పోయింది. అయ్యగారు ఏ అడ్డమూ చెప్పలేదు. పిల్లోడి పక్కన, గోడ వారగానే పెట్టినాం. సమాధి మీద వేయడానికి బంగారుపాళ్యం పక్క నుంచి నల్లబండ ఒకటి తెప్పించినాను. దాన్ని దించడానికి మనుషులు చాలక డ్రైవరునూ క్లీనరునూ పిలుచుకుపోయినాను. బండ మట్టి మీద కూర్చున్నప్పుడు వచ్చిన చప్పుడు విని, ఆ ఆడవాళ్ళ ప్రశ్న నాకు మొదటిసారి అర్థమైంది.

మళ్ళీ బస్సెక్కినాను. కథలు లేకపోతే కూడు లేదు. చిరుతపులి కథ అడిగితే చెప్పినాను, గానీ పంచె తడిసిన మాట దగ్గరికి వచ్చేసరికి దాటేసినాను. ఎవరూ నవ్వలేదు, ఎవరూ నమ్మలేదు. మూటలు దించుకున్నారు.

ఈస్టరు నాడు మా సంఘం తెల్లవారకముందే పాటలు పాడుకుంటా సమాధుల తోటకు పోతుంది. ఎవరి సమాధి దగ్గర వాళ్ళు కొవ్వొత్తులు పెట్టుకుని పొద్దు పొడిచేదాకా నిలబడతారు. నేను పోదామా వద్దా అని వాకిట్లో తచ్చాడతా ఉంటే, మా అత్త కొంగు కప్పుకుని ముందే బయలుదేరింది. ఆమె అంతకుముందు ఆ గేటు లోపలికి కూతుర్ని పూడ్చిననాడు తప్ప రాలేదు. తలమీద వెంట్రుకలు అప్పుడే మొలిచి, కోసిన వరిమడి మాదిరి ఉన్నాయి. బండ పక్కన కూర్చుని, దాని అంచు కింద వేళ్ళు పెట్టి చూసింది.

"అల్లుడా, ఇది నీ ఒక్కడితో కదలతాదా?"

"కదలదత్తా."

"మరి?"

నేను కొవ్వొత్తి వెలిగించి బండ మీద పెట్టినాను. ఆమె వేళ్ళు అక్కడే ఉంచింది.

గోడ మీద వెలుతురు పడింది. అయ్యగారు తోట మధ్యలో నిలబడి గొంతెత్తి, ప్రభువు లేచినాడు అన్నాడు. ఆ మాటకు అందరూ కలిసి, నిజంగా లేచినాడు అని జవాబు చెప్పాలి. మా తాతల నాటి నుంచి ఉన్న ఆనవాయితీ. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ మాట నేను ఎన్నో ఈస్టర్లకు నూనె పోసినట్టు చెప్పినాను. ఆ పొద్దు కూడా అందరితో కలిసి నోరు తెరిచినాను. "నిజంగా" అనే మాట దగ్గర తట్టుకున్నాను. అందరూ చెప్పేసి ఊరుకున్నాక, నా మిగతా సగం మాట, లేచినాడు అనేది, ఒక్కటే వెనకబడి వచ్చింది. అయ్యగారు ఇటు తిరిగి చూసినాడు. మా అత్త నా వైపు చూడకుండా, బండ మీద చెయ్యి తీయకుండా, "ఇంకోతూరి చెప్పు నాయనా" అంది.